అయిదు ఆంపియర్ల ఇల్లు

కరెంటు బిల్లు చేతికి రాగానే మన చూపు రెండు అంకెల మీదనే నిలుస్తుంది: ఎన్ని యూనిట్లు కాలినవి, ఎంత కట్టవలసినది. అదే కాగితం మీద వేరొక మూల 'కాంట్రాక్టెడ్ లోడు' అన్న మాట, దాని ఎదుట కిలోవాట్లలో ఒక చిన్న అంకె అచ్చయి ఉంటాయి. దానిని చదివేవారు అరుదు. కొన్ని ఇళ్ళలో ఆ అంకె తాతల కాలంలో వ్రాసిన దరఖాస్తులోనిదే నేటికీ కొనసాగుతూ ఉంటుంది. మనుషులు మారారు, గోడలు మారాయి, ఇంట్లో వస్తువులు పదింతలయ్యాయి. అంకె మాత్రం మారలేదు. ఆ అంకెకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. పాఠకమిత్రులతో దానిని పంచుకోవాలని ఈ వ్యాసం.

మొదట మాటల అర్థం చూద్దాం. యూనిట్లంటే నెల మొత్తం మీద మనం తోడుకున్న నీళ్ళు. లోడు అంటే ఆ నీళ్ళు వచ్చే గొట్టం వెడల్పు. సన్నని గొట్టంతో కూడా రోజంతా పట్టుకుంటే తొట్టె నిండుతుంది. పది బిందెలు ఒక్క నిమిషంలో నిండాలంటేనే గొట్టం పెద్దది కావాలి. ఇంట్లో దీపాలు, పంకాలు, మోటారు, ఏసీ ఒకే క్షణాన నడవాలంటే ఆ క్షణానికి సరిపడే తీగ, మీటరు, వీధిలో ట్రాన్స్‌ఫార్మరు, వాటి వెనుక సబ్‌స్టేషను, దాని వెనుక ఎక్కడో ఒక టర్బైను సిద్ధంగా ఉండాలి. లోడు పెంచమని మనం వేసే దరఖాస్తు ఇంత దూరం ప్రయాణిస్తుంది.

విద్యుత్తును ఇళ్ళకు అమ్మడం మొదలైన రోజుల్లో ఈ భేదం ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీటులో ఎడిసన్ తన కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు వెలిగినవి కొన్ని వందల దీపాలు మాత్రమే. వాడకాన్ని కొలవడానికి ఆయన వాడిన మీటరు చిత్రమైనది. గాజు పాత్రలో జింకు సల్ఫేటు ద్రావణం, అందులో జింకు పలకలు. కరెంటులో ఒక చిన్న వాటా ఆ ద్రావణం గుండా పోతుంది. ఎంత కరెంటు పోతే అంత జింకు ఒక పలక నుంచి రెండవ పలకకు చేరుతుంది. నెలకొకసారి మనిషి వచ్చి పలకలను తీసుకుపోయి త్రాసులో తూచేవాడు. ఆ బరువే బిల్లు. కంసాలి బంగారం తూచినట్లు కరెంటును తూచిన కాలమది! అయితే ఆ త్రాసు మొత్తం వాడకాన్ని చెప్పగలదే గాని, ఏ క్షణాన ఎంత గుంజారన్నది చెప్పలేదు.

ఆ లోపాన్ని పట్టుకున్నవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ హాప్కిన్సన్. 1892లో ఆయన చేసిన ప్రసంగం విద్యుత్ వ్యాపారపు ఆలోచననే మార్చివేసింది. ఆయన వాదం మన రైతుకు సులభంగానే అర్థమవుతుంది. ఎద్దును ఏడాది పొడుగునా మేపాలి, దుక్కి మాత్రం కొన్నాళ్ళే. ఎద్దు దున్నిన రోజులకే కూలి ఇస్తానంటే మిగిలిన రోజుల మేత ఎవరిది? విద్యుత్ కేంద్రం కూడా అంతే. వినియోగదారుడు మీట నొక్కినా నొక్కకపోయినా అతని కోసం యంత్రాలు, తీగలు సిద్ధంగా ఉంచాలి. అందువల్ల బిల్లులో రెండు భాగాలుండాలి: సిద్ధంగా ఉంచినందుకు ఒకటి, నిజంగా వాడినందుకు మరొకటి. బ్రైటన్ నగరంలో ఆర్థర్ రైట్ అనే ఇంజనీరు, ఒక ఇల్లు అత్యధికంగా ఎంత కరెంటు లాగిందో చూపించే పరికరాన్ని తయారుచేశాడు. కరెంటు వేడికి గాజుగొట్టంలోని గాలి వ్యాకోచించి ద్రవాన్ని పక్క గొట్టంలోకి పొర్లిస్తుంది. పొర్లిన ద్రవం మట్టమే ఆ ఇంటి గరిష్ఠ వాడకానికి గుర్తు. నేడు మన బిల్లులో కిలోవాటుకు ఇంత అని పడే స్థిర చార్జీకి మూలపురుషులు వీరే.

మన దేశానికి వస్తే, 1897లో డార్జిలింగు దగ్గర చిన్న జలవిద్యుత్ కేంద్రం, 1899లో కలకత్తాలో సరఫరా, 1902లో కావేరి మీద శివసముద్రం. నిజాం రాజ్యంలో 1920 నాటికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం లేచింది. ఆ చిమ్నీలు నగరవాసులకు చాలాకాలం కొండగుర్తులు. ఆ కేంద్రం 1980లలో మూతబడింది, తరువాత కూల్చివేశారు. ఆ పరిసరాలలోనే ఇప్పుడు సినిమాహాళ్ళు, ఉద్యానవనాలు ఉన్నాయి. కోస్తా జిల్లాలకు పెద్ద ఎత్తున వెలుగు తెచ్చినది 1955లో పని మొదలుపెట్టిన మాచ్‌ఖండ్. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడింది. ఆ తరువాతనే 'కరెంటాఫీసు' అన్న మాట పల్లె నోటికి అలవాటయింది.

ఆ కాలపు ఇంట్లో కరెంటంటే దీపమే. మా తాతగారి ఊరు కృష్ణా డెల్టాలో ఒక చిన్న గ్రామం. 1960ల చివర ఆ ఇంటికి కనెక్షను వచ్చినప్పుడు మూడు దీపాలు, ఒక పంకా పెట్టించారట. ఒక్కొక్క దీపం అరవై వాట్లు, పంకా ఎనభై. అన్నీ కలిపి 260 వాట్లు. నాటి 240 వోల్టుల సరఫరా మీద అది ఒక ఆంపియరుకు కొంచెం ఎక్కువ. అయిదు ఆంపియర్ల మీటరు ఆ ఇంటికి మహాసముద్రం. వసారాలో చెక్కపలక మీద నల్లటి మీటరు, పక్కన పింగాణీ కటౌటు, దూలం వెంట టేకు బద్దీల మీద రేకు క్లిప్పులతో బిగించిన తీగ, గోడకు గుండ్రటి దిమ్మల మీద నల్లటి స్విచ్చులు. ఆ స్విచ్చును పిల్లలు ముట్టుకోవడానికి వీలులేదు. ఇంట్లో పెద్దవారు సంధ్యాసమయంలో దీపం వేసి, వెలిగిన బల్బుకు దణ్ణం పెట్టేవారు. నూనెదీపానికి పెట్టిన దణ్ణమే దానికీ సంక్రమించింది.

ఆ రోజుల ఆనవాలు ఒకటి మన గోడలమీద ఇంకా మిగిలి ఉన్నది. చిన్న ప్లగ్గు, పెద్ద ప్లగ్గు అని రెండు రకాలు ఎందుకున్నాయని పిల్లలు అడుగుతుంటారు. బ్రిటిషు కాలం నుంచి దీపాలకు, పంకాలకు ఒక రేటు, వేడిచేసే సాధనాలకు, చిన్న మోటార్లకు వేరొక రేటు ఉండేవి. కలిగినవారి ఇళ్ళలో 'లైటింగు' మీటరు వేరు, 'పవరు' మీటరు వేరు. ఒక దాని తీగ అయిదు ఆంపియర్లకు, రెండవ దాని తీగ పదిహేనుకు. ఒకదాని ప్లగ్గు మరొకదానిలో దూరకుండా పిన్నుల లావు మార్చారు. బ్రిటనులో 1947లో పదమూడు ఆంపియర్ల చదరపు పిన్నుల ప్లగ్గు వచ్చి పాతదానిని క్రమంగా తొలగించింది. మనం మాత్రం ఆ పాత గుండ్రటి పిన్నులనే ఉంచుకున్నాం. పేరు ఆరు, పదహారు అయింది. రెండు మీటర్లు పోయినా రెండు ప్లగ్గులు మిగిలాయి.

పల్లెల కథ మరొక విధం. 'విద్యుదీకరించిన గ్రామం' అన్న మాటకు చాలాకాలం వరకు ఉన్న అర్థం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. గ్రామ రెవెన్యూ సరిహద్దులో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడితే చాలు, ఊరంతటికీ కరెంటు వచ్చినట్టే లెక్క. పొలంలో ఒక్క మోటారు తిరిగితే ఊరు వెలిగినట్టు! 1997లో ఆ నిర్వచనం మారింది. 2004లో మరల మారి, కనీసం నూటికి పది ఇళ్ళకైనా కనెక్షను ఉండాలన్నారు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏడేళ్ళు. నడుమ 1988-89లో కుటీర జ్యోతి పథకం వచ్చి పేదల ఇళ్ళకు ఒక్కొక్క దీపం చొప్పున కనెక్షను ఇచ్చింది. ఒక్క దీపం! ఆ పథకాన్ని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. కిరసనాయిలు బుడ్డి పొగలో చదువుకున్నవారికి ఆ ఒక్క దీపం విలువ తెలుసు. కాని అదే సంవత్సరాలలో పట్నంలో ఒక ఇంటికి మూడు నాలుగు కిలోవాట్లు మంజూరవుతున్నాయి. లోడు అన్న అంకెలో కులం, వర్గం, ఊరి నడిబొడ్డు, ఊరి చివర అన్నీ దాగి ఉన్నాయని ఇక్కడ తెలుస్తుంది. స్తంభం ఏ వీధి దాకా వచ్చి ఆగినదో చూస్తే ఆ ఊరి చరిత్ర సగం చదివినట్టే.

1970ల నుంచి ఇళ్ళలోకి వస్తువులు ఒక్కొక్కటిగా చేరాయి. ఇస్త్రీపెట్టె, మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, టీవీ, బోరు మోటారు, గీజరు. ఇవేవీ మీటరును అడిగి రాలేదు. కొట్లో డబ్బిచ్చి కొనుక్కుని, ఉన్న ప్లగ్గులోనే పెట్టారు. అప్పుడు మొదలయినదే లో వోల్టేజి. సాయంత్రం ఏడింటికి వీధిలో అందరూ దీపాలు వేస్తే బల్బు గుమ్మడిపువ్వు రంగుకు దిగేది. టీవీ పక్కన స్టెబిలైజరు అనే డబ్బా టకటకలాడేది. ఆ డబ్బా మాయ చేయదు. తగ్గిన వోల్టేజిని పెంచడానికి లైను నుంచి మరింత కరెంటు లాగుతుంది. దానివల్ల పక్కింటి వోల్టేజి ఇంకా దిగుతుంది. పక్కింటివారూ మరొక స్టెబిలైజరు కొంటారు. ఒకరి కొరత మరొకరి మీదికి నెట్టుకునే ఆట వీధి వీధినా సాగింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పక తప్పదు. తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెండింతలయితే వేడి నాలుగింతలవుతుంది. స్తంభం నుంచి ఇంటికి ముప్పయి మీటర్ల దూరం, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అనుకుందాం. రానుపోను అరవై మీటర్లకు నిరోధం దాదాపు ముప్పాతిక ఓము. అయిదు ఆంపియర్లు పోతే తీగలో వృథా అయ్యే వేడి పంతొమ్మిది వాట్లు; ఎవరికీ తెలియదు. అదే తీగలో ఇరవై ఆంపియర్లు పోతే మూడువందల వాట్లు! వోల్టేజి పదిహేను పడిపోతుంది. తీగ మీది పూత ఏళ్ళ తరబడి ఆ వేడికి ఎండి పెళుసవుతుంది. అతుకుల దగ్గర వేడి మరీ ఎక్కువ. రాగి దొరకని కాలంలో అల్యూమినియం తీగలు వేసిన ఇళ్ళు అనేకం. అల్యూమినియం వాహకత రాగిలో నూటికి అరవై పాళ్ళు మాత్రమే, పైగా బిగించిన మరల కింద అది మెల్లమెల్లగా వదులవుతుంది. మన పత్రికలలో తరచు కనబడే 'షార్ట్ సర్క్యూట్ వల్ల అగ్నిప్రమాదం' అన్న ఏకవాక్య వార్త వెనుక ఇటువంటి ముసలితీగ ఎన్నిసార్లు ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఫ్యూజు ఉన్నది కదా అనవచ్చు. ఫ్యూజు ధర్మం బలిపశువు ధర్మం: ఇల్లు కాలకుండా తాను కాలిపోవడం. కాని మాటిమాటికి ఫ్యూజు పోతుంటే మనవారు కనిపెట్టిన ఉపాయం, సన్నతీగ బదులు లావుతీగ చుట్టడం. అప్పటి నుంచి ఫ్యూజు పోదు. పోయేది గోడలోని తీగే. కాపలావాడు అరుస్తున్నాడని వాడి నోరు కట్టినట్టు. ఎమ్‌సీబీలు వచ్చాక ఈ ఉపాయానికి కొంత అడ్డుకట్ట పడింది. అక్కడ కూడా పదహారు తీసి ముప్పైరెండు పెట్టే మహానుభావులు లేకపోలేదు.

1990ల చివర వ్యవస్థే మారింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో బోర్డు రెండుగా చీలి జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. 2000లో పంపిణీకి నాలుగు కంపెనీలు ఏర్పడ్డాయి. ఆ ఏడాదే చార్జీల పెంపు మీద రాష్ట్రమంతటా ఆందోళన రేగి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బిల్లు మీది అంకె కోసం మనుషులు మరణించిన చరిత్ర మనది. కనుక ఆ అంకెల గురించి మాట్లాడేటప్పుడు ఇది ఇంజనీర్ల వ్యవహారమేనని తప్పుకోవడానికి లేదు.

తిరిగే చక్రం మీటరు స్థానంలో ఎలక్ట్రానిక్ మీటరు రావడం కూడా ఆ దశలోనే ముమ్మరమయింది. పాత చక్రం యూనిట్లు మాత్రమే లెక్కపెట్టేది. కొత్త మీటరు నెలలో అత్యధికంగా ఎంత లోడు వాడారో కూడా గుర్తుపెట్టుకుంటుంది. బ్రైటనులో రైట్ గాజుగొట్టం చేసిన పనే, ద్రవం లేకుండా. ఒక కిలోవాటు అని వ్రాసి మూడు వాడుతున్న సంగతి అప్పటిదాకా తీగకు, ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రమే తెలుసు. ఇప్పుడు కాగితానికీ తెలిసింది. అదనపు లోడు కట్టమని నోటీసులు రావడానికి కారణం ఇది.

మా తాతగారి ఇంటిలో ఇప్పుడు మా చిన్నాన్న కుటుంబం ఉంటున్నది. కొన్నేళ్ళ కిందట అక్కడ లోడు పెంచే సందర్భంలో నేను కూర్చుని లెక్క కట్టాను. రెండు ఏసీలు మూడు కిలోవాట్ల నాలుగువందలు, గీజరు రెండు కిలోవాట్లు, ఇస్త్రీపెట్టె ఒకటి, ఒక హార్స్‌పవరు మోటారు ముప్పాతిక, మిక్సీ ఆరువందల వాట్లు, ఫ్రిజ్జు రెండువందలు, దీపాలు పంకాలు టీవీ కలిపి అయిదువందలు. మొత్తం ఎనిమిదిన్నర కిలోవాట్లకు దగ్గర. కాని అన్నీ ఒకేసారి నడవవు. ఏసీలు ఎండాకాలం రాత్రి, గీజరు చలికాలం ఉదయం. ఒక వేసవి రాత్రి నిజంగా పడే భారం అయిదు కిలోవాట్లకు లోపు. ఈ తేడా మీదనే పంపిణీ వ్యవస్థ అంతా నిలబడి ఉన్నది. వీధిలోని వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కింద అందరూ అన్నీ ఒకేసారి వేస్తే అది ఒక్క పూట నిలవదు. అందరూ అలా వేయరన్న నమ్మకంతోనే దానిని పెట్టారు.

ఆ పనికి వచ్చిన ఎలక్ట్రీషియను వయసు మళ్ళినవాడు, ఆ ఇంటి పాత తీగలు తన చేత్తో విప్పినవాడు. మీటరు పెద్దది వేస్తే సరిపోతుంది కదా అని చిన్నాన్న అడిగితే, "బాబుగారూ, మెడ పెద్దదయితే చాలదండీ, పేగులు కూడా చూడాలండి" అన్నాడు. అంతకంటె చక్కగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. సర్వీసు వైరు, మీటరు, మెయిను స్విచ్చు, బోర్డు, లోపలి తీగలు, చివరకు పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్తు గొట్టం. ఇవన్నీ ఒకే గొలుసు. ఎక్కడ బలహీనముంటే అక్కడే తెగుతుంది. ఎర్తు ఎండిపోయిన ఇంటికి ఎంత లోడు మంజూరయినా అది ప్రమాదాన్ని మంజూరు చేసినట్టే. అతడు మొదట ఎర్తు బాగుచేసి, తరువాత లీకేజిని పట్టుకునే ఆర్‌సీసీబీ బిగించి, ఆ తరువాతనే ఏసీ తీగలు లాగాడు. ఆ క్రమం నాకు నచ్చింది.

సముద్రాల అవతల మన తెలుగువారు నివసించే అమెరికాలో ఇదే కథ మరొక కొలతలో నడిచింది. అక్కడి పాత ఇళ్ళు ముప్పయి ఆంపియర్లతో మొదలై, అరవైకి, నూటికి ఎదిగాయి. ఇప్పుడు అక్కడి నియమావళి ప్రకారం ఒక కుటుంబపు ఇంటికి కనీసం నూరు ఆంపియర్లు ఉండాలి, రెండువందలు సర్వసాధారణం. 240 వోల్టుల మీద రెండువందల ఆంపియర్లంటే 48 కిలోవాట్లు. మన పల్లెలో ఒక వీధికి పెట్టే ట్రాన్స్‌ఫార్మరులో సగం! అది గొప్పదనమని నేననను, తప్పనీ అనను. అవసరం ఎంత, అలవాటు ఎంత అన్న ప్రశ్న మాత్రం ఆ అంకె చూసినప్పుడల్లా కలుగుతుంది.

ఇటీవలి కాలం ఒక వింత మలుపులో ఉన్నది. 2015లో మొదలయిన ఉజాలా పథకంతో ఎల్‌ఈడీ బల్బులు ఇంటింటికీ చేరాయి. అరవై వాట్ల వెలుగు తొమ్మిది వాట్లకే వస్తున్నది. తాతగారి మూడు దీపాలకు ఇప్పుడు ఇరవై ఏడు వాట్లు చాలు. దీపం భారం తగ్గింది, చల్లదనం భారం పెరిగింది. ఇంటి ముందు విద్యుత్ కారు నిలిపితే దాని చార్జరు ఒక్కటే మూడు నుంచి ఏడు కిలోవాట్లు అడుగుతుంది. మరొక వైపు ఇంటి కప్పు మీది సౌరఫలకాలు కరెంటును వెనక్కు పంపుతున్నాయి. 2024లో కేంద్రం ప్రకటించిన సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల దాకా సబ్సిడీ ఇస్తున్నది. పది కిలోవాట్ల లోపు సౌర దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కరలేదనీ, అందుకు కావలసిన లోడు పెంపును పంపిణీ సంస్థే చేయాలనీ అదే ఏడాది నిబంధనలు సవరించారు. నూట ముప్పయి ఏళ్ళుగా ఒకే దిక్కుకు పారిన నది ఇప్పుడు పగటిపూట ఎదురు పారుతున్నది. హాప్కిన్సన్ ఎద్దు లెక్కను కొత్తగా వేయవలసిన కాలమిది.

ఇంత చరిత్ర చెప్పి చివరకు నేను తేల్చుకున్న విషయం చిన్నది. లోడు అన్న ఆ అంకె ఇంటికీ వీధికీ మధ్య ఒక ఒప్పందం. తక్కువ వ్రాయించి ఎక్కువ వాడినప్పుడు మిగిలేది నెలకు కొన్ని రూపాయలు. పోయేది వీధి చివరి ఇంట్లో పరీక్షకు చదువుకుంటున్న పిల్లవాడి పంకా వేగం, వేసవి రాత్రి కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు కింద అందరి నిద్ర. అందరికంటె ఎక్కువ బాధ ఆ చివరి ఇంటిదే, ఎందుకంటే తీగ పొడవునా వోల్టేజి అరిగి అరిగి అక్కడికి చేరేది శేషం మాత్రమే. అలాగే, పెంచిన లోడుకు డబ్బు కట్టించుకున్న సంస్థ ఆ డబ్బుకు తగ్గ ట్రాన్స్‌ఫార్మరును వీధిలో నిలపకపోతే ఒప్పందంలో రెండవ సగం బూటకమవుతుంది. అడగవలసినది అడగడానికి అర్హత, ఇవ్వవలసినది నిజంగా చెప్పినప్పుడే వస్తుంది.

వచ్చే నెల బిల్లు వచ్చినప్పుడు ఒకసారి ఆ మూల అంకెను చూడండి. తరువాత మీ ఇంట్లో ఉన్నవాటిని ఒక కాగితం మీద వ్రాసి కూడండి. రెండు అంకెల మధ్య దూరమెంతో మీకే తెలుస్తుంది.